కుట్లక్క ఇంటి మోకాలు

ఎముకల ఆసుపత్రిలో ఆమెకు కుట్లక్క అని పేరు ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తులేదు. నిజానికి కుట్లు వేసేది ఆమె కాదు, విప్పేదీ ఆమె కాదు. వేసినవి విప్పేసి, మనిషి గేటు దాటి ఇంటికి వెళ్లిపోయాక, అందరూ ఆ మనిషిని మరిచిపోయాక, ఆ గాయం సంగతి పట్టించుకునేది మాత్రం ఆమే. అరిగిపోయిన మోకాలు తీసేసి కొత్తది పెట్టించుకున్నవాళ్లు, తుంటి కీలు మార్పించుకున్నవాళ్లు ఆపరేషన్ తరువాత మూడు నెలల దాకా ఆమె కనుసన్నల్లో ఉంటారు. ఫోన్లు చేస్తుంది, అనుమానం వస్తే పిలిపిస్తుంది, గాయం ఎర్రబడిందా, వేడిగా ఉందా, చెమ్మ ఊరుతోందా అని చూస్తుంది. అదే ఆమె ఉద్యోగం.

ఇల్లు అలకగానే పండగ కాదని ఆమెకు తెలిసినంతగా ఆ ఆసుపత్రిలో ఎవరికీ తెలియదు. లోపల పెట్టేది లోహం. దానికి నెత్తురు లేదు, ప్రాణం లేదు. దాని మీద క్రిమి ఒకసారి గూడు కట్టుకుందంటే మందులకు ఓ పట్టాన లొంగదు, మళ్లీ కోసి అంతా బయటికి తీయాల్సి రావచ్చు. అదే చర్మం దగ్గర ఉండగానే దొరికిందా, కడిగి మందులిచ్చి పంపేయవచ్చు. “దొంగని గుమ్మంలో ఉండగానే పట్టుకోవాలి, పడగ్గదిలోకి వచ్చాక కాదు” అనేది ఆమె, కొత్తగా చేరిన నర్సులకు చెప్పేటప్పుడు.

ఆమె గది నడవా చివర, పిండికట్లు వేసే గదికి ఆనుకుని ఉంటుంది. ఎప్పుడూ తడి సున్నం వాసన. ఒక బల్ల, రెండు కుర్చీలు, ఒక ఫోను, కిటికీలోంచి చూస్తే అంబులెన్సులు నిలిపే రేకుల షెడ్డు. అంతే. వార్డులో పదిహేనేళ్లు మనుషుల్ని ఎత్తి, దించి, నడుం పట్టేసి ఈ కుర్చీలోకి వచ్చింది. వచ్చిన కొత్తలో హాయిగానే అనిపించింది. ఫోను చేయడమూ ఒక పనేనా అనుకుంది.

పనే. అది తెలియడానికి ఒక బస్సు డ్రైవరు కావలసివచ్చాడు.

పెద్ద మనిషి, పదవీ విరమణ చేసి మోకాలు మార్పించుకున్నాడు. ఫోను చేసి “బాగున్నారా?” అంటే “బాగున్నానమ్మా” అన్నాడు. “జ్వరమేమైనా?” “లేదమ్మా.” “గాయం ఎలా ఉంది?” “బ్రహ్మాండంగా ఉంది తల్లీ, నీ దయ.” ఆ వారం తిరగకుండానే ఆయన్ని స్ట్రెచరు మీద తీసుకొచ్చారు. మోకాలు గుమ్మడికాయంత అయింది. లోపల పెట్టినదంతా తీసేయాల్సి వచ్చింది. తరువాత మళ్లీ పెట్టారు, ఆయన నడిచాడు కూడా. కానీ ఆ నడుమ ఆయన పడ్డ యాతన అంతా ఇంతా కాదు.

“ముందే చెప్పొచ్చు కదండీ?” అని అడిగింది కుట్లక్క, మంచం పక్కన నిలబడి.

“చెబితే మళ్లీ కోస్తారని భయమేసిందమ్మా” అన్నాడాయన, చిన్నపిల్లవాడిలా.

ఆ సాయంత్రం ఆమెకు అన్నం సయించలేదు. కంచం ముందు కూర్చుని వేళ్లతో మెతుకులు కెలుకుతుంటే అత్తగారు చూసింది.

ఆ అత్తగారి గురించి కాస్త చెప్పాలి. ఉద్యోగం ఉన్నంతకాలం ఆవిడ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు. చెవులకు బరువైన హెడ్‌ఫోను తగిలించుకుని ఊళ్ల మధ్య మాటలు కలిపింది. పెళ్లి సంబంధాలు, చావు కబుర్లు, బేరాలు, అలకలు, అన్నీ ఆవిడ చెవి పక్కనుంచే వెళ్లాయి. భవనంలో అందరూ ఆవిడను టెలిఫోనమ్మ అనే పిలుస్తారు. కొడుకు లిఫ్టు మెకానిక్కు. ఊళ్లో ఏ మేడ మీద లిఫ్టు ఆగినా అతనికే కబురు. వాళ్లుండేది మాత్రం మూడో అంతస్తు, లిఫ్టు లేని భవనం. “ఊరందరినీ పైకెత్తుతాడు నా కొడుకు, కన్నతల్లిని తప్ప” అని ఆవిడ ఎవరొచ్చినా చెప్పేది. అతను నవ్వి ఊరుకునేవాడు.

డ్రైవరు సంగతి విని టెలిఫోనమ్మ కోడలి కంచం పక్కకు జరిపింది.

“నువ్వేమని అడిగావ్?”

“బాగున్నారా అని అడిగానండీ.”

“బాగున్నారా అంటే బాగున్నామనక ఇంకేమంటారే? అది ప్రశ్న కాదు, మర్యాద. మర్యాదకి మర్యాదే జవాబు. వాళ్లకి అవును, కాదు అనడానికి వీల్లేని మాట అడుగు.”

“అంటే?”

“ఈ పొద్దున ఏం చేశారని అడుగు. ఎలా లేచారు, ఎక్కడ కూర్చున్నారు, ఏ బట్ట కట్టుకున్నారు. చెప్పనీ. వాళ్లు ఆగినచోట నువ్వూ ఆగు, తొందరపడి మాట అందించకు. దాచేవాడు ఖాళీని భరించలేడమ్మాయ్. ఆ ఖాళీలో ఏదో ఒకటి పడేస్తాడు. ఇంకోటి, ‘బాగానే’ అనే ముందు చిన్న ఊపిరి తీసుకుంటారు. అది విను. చావు కబురు చెప్పబోయేవాళ్లు కూడా అలాంటి ఊపిరే తీసేవాళ్లు. ఎన్ని విన్నానో!”

మర్నాటి నుంచి కుట్లక్క ఫోను చేసే తీరే మారిపోయింది.

కొన్నాళ్లకు ఒక దర్జీ దొరికాడు. మోకాలు మార్పించుకుని ఇంటికి వెళ్లాడు. అంతా కులాసా అన్నాడు.

“ఈ పొద్దున ఏం చేశారండీ?” అంది కుట్లక్క.

“లేచాను. మిషను దగ్గర కూర్చున్నాను. కుట్టలేదు, ఊరికే కూర్చున్నాను.”

“ఏ బట్టలు వేసుకున్నారు?”

“బట్టలా? దుప్పటి చుట్టుకున్నానమ్మా.”

“దర్జీ అయ్యుండి దుప్పటేమిటి, ప్యాంటు లేదా?”

దర్జీ మాట్లాడలేదు. ఆమె కూడా మాట అందించలేదు. కిటికీ అవతల ఎవరో అంబులెన్సు కడుగుతున్న చప్పుడు. చివరికి ఆయనే అన్నాడు, “ప్యాంటు అంటుకుంటోందమ్మా. కుట్టు దగ్గర. దారం మంచిది వాడలేదేమో మీవాళ్లు.”

మధ్యాహ్నానికల్లా పిలిపించింది. పెద్ద డాక్టరు చూశాడు, పై పైనే ఉంది, తేలిగ్గా పోయింది. ఆ రోజు కుట్లక్క ఇంటికి వచ్చి చెప్పులు విప్పకముందే “అత్తయ్యా, ప్యాంటు అడిగితే దొరికింది!” అని కేకేసింది. అత్తాకోడళ్లు నవ్విన నవ్వుకు కింది అంతస్తు వాళ్లు కూడా తలుపు తీసి చూశారు.

అప్పటి నుంచి అదో అలవాటైపోయింది. సాయంత్రం భోజనాల దగ్గర కుట్లక్క ఆ రోజు విన్న గొంతులన్నీ చెప్పేది, అత్తగారు తీర్పు చెప్పేది. భర్త పాపం పులుసు పోసుకుంటూ “అన్నం తినేటప్పుడు చీము మాటలు వద్దే” అని బతిమాలేవాడు. ఎవరు వింటారు? వార్డు గోడ మీద ఒక తెల్లబోర్డు ఉండేది. గాయం పాడైనవాళ్లు ఈ నెలలో ఎంతమంది అని దాని మీద అంకె రాసేవాళ్లు. నెలలు గడిచేకొద్దీ అక్కడ సున్నా నిలబడటం మొదలైంది. ఆ సున్నాను కుట్లక్క ఇంటికి పతకంలా మోసుకొచ్చేది. “ఈ నెల కూడా సున్నాయే అత్తయ్యా!” అనేది. అత్తగారు “శభాష్” అనేది.

ఇలా చెప్పుకుంటుండగానే టెలిఫోనమ్మ సొంత మోకాలు అరిగిపోయింది. కుడికాలు. మొదట మెట్ల దగ్గర ఆయాసం అంది, తరువాత నొప్పి అంది, తరువాత మెట్లు దిగడమే మానేసింది. కిటికీ పక్క కుర్చీయే ఆవిడ లోకమైపోయింది. వీధిలో వెళ్లేవాళ్లను పైనుంచే పలకరించేది. కూరగాయల బండి వస్తే తాడు కట్టిన బుట్ట దించి, బేరం కేకల మీద చేసేది. ఆపరేషన్ చేయించుకోమని కొడుకు బతిమాలాడు, కోడలు బతిమాలింది.

“మీ ఆవిడ రోజూ అన్నం దగ్గర చెప్పే కథలు విన్నాక ఎవరైనా చేయించుకుంటారట్రా?” అనేది ఆవిడ. 

ఆవిడ మనసు మార్చింది ఆ దర్జీయే. ఒక ఆదివారం పొద్దున్నే తలుపు తట్టాడు. కుట్లక్కకు సొంతంగా కుట్టిన చేతిసంచీ ఒకటి తెచ్చాడు, లోపల మూడు అరలు, దిట్టంగా డబుల్ కుట్టు. టీ తాగాడు, అరగంట కబుర్లు చెప్పాడు, లేచాడు. టెలిఫోనమ్మ ఆయన వెనకే గుమ్మం దాకా వచ్చి మెట్ల వంక చూస్తూ నిలబడింది. కర్ర లేదు. గోడ పట్టుకోలేదు. ఒక్కో మెట్టుకూ ఒక్కో అడుగు, మామూలు మనిషిలా, ఈల వేసుకుంటూ దిగిపోయాడు. ఈల కింది దాకా వినపడి వీధిలో కలిసిపోయింది.

ఆవిడ లోపలికి వచ్చి కూర్చుంది.

“నాకూ చేయించండి” అంది.

ఆసుపత్రిలో ఒక నియమం ఉంది. సొంతవాళ్ల గాయాన్ని సొంతవాళ్లు చూడకూడదు. ప్రేమ కళ్లకు గంతలు కడుతుందని పెద్ద డాక్టరు అనేవాడు. ఆయన మితభాషి, పని మంచిది, నవ్వడం అరుదు. అత్తగారి గాయం బాధ్యత పెద్దసిస్టరుకు అప్పగించారు. ఆవిడ కుట్లక్క కన్నా సీనియరు, లావుపాటి కళ్లద్దాలు, తేలిగ్గా కంగారుపడని మనిషి. కుట్లక్క తలూపింది. నియమం మంచిదేగా.

ఆపరేషన్ చక్కగా జరిగింది. భర్తా, అతని తోటి మెకానిక్కూ టెలిఫోనమ్మను కుర్చీలో కూర్చోబెట్టి మూడు అంతస్తులూ మోసుకొచ్చారు. దారి పొడుగునా ఆవిడ ఆజ్ఞలు జారీ చేస్తూనే ఉంది. కుట్లు విప్పేదాకా అంతా సాఫీగా సాగింది. కాలు వంచడం, చాచడం, గది ఈ చివర నుంచి ఆ చివరకు నడవడం, అన్నీ చెప్పినట్టే చేసింది. కోడలు గాయం చూస్తానంటే మాత్రం బట్ట సవరించుకునేది.

“నేను నీకు అత్తని, పేషెంటుని కాదు. మీ రూలు మీరే తప్పుతారా? చూసేది పెద్దసిస్టరు.”

పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు. కుట్లక్క నవ్వుకుని ఊరుకుంది. రోజూ పొద్దున హడావుడిలో, ఒక చేత్తో సంచీ సర్దుకుంటూ, “ఎలా ఉంది అత్తయ్యా?” అని అడిగేది. పొయ్యి మీద కుక్కరు కూస్తుండేది, కుళాయి పారుతుండేది, భర్త తాళాల గుత్తి వెతుక్కుంటుండేవాడు. ఆ రొదలోంచి “బాగానే ఉందమ్మాయ్” అని వినపడేది. అంతే, చెప్పులేసుకుని వెళ్లిపోయేది. పరాయివాళ్లను ఎన్నడో అడగడం మానేసిన ప్రశ్న అది. ఇంట్లో మాత్రం అదే అడుగుతోంది.

పెద్దసిస్టరు కూడా ఫోను చేసింది. టెలిఫోనమ్మ ఎక్స్ఛేంజి గొంతు బయటికి తీసింది. తేనె రాసిన ఇనుప గొంతు అది. లేచాను, స్నానం చేశాను, నడిచాను, గాయం పొడిగా ఉంది, మీకు శ్రమ, చాలా సంతోషం. ఎక్కడా ఖాళీ లేదు, ఎక్కడా ఊపిరి లేదు. పెద్దసిస్టరు మురిసిపోయి, “మీ అత్తగారంత చక్కగా చెప్పే పేషెంటు నాకు ఇంతవరకు దొరకలేదు” అంది కుట్లక్కతో. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడూ ఉంటాడు మరి.

ఒక రోజు పదకొండు గంటలప్పుడు కుట్లక్క తన గదిలోంచి ఇంటికి ఫోను చేసింది. గాయం గురించి కాదు. వంటింట్లో నీళ్ల గొట్టం కారుతోంది, ప్లంబరు వస్తానన్నాడు, వచ్చాడో లేదో కనుక్కుందామని.

“వచ్చాడు, బిగించాడు, వెళ్లాడు” అంది అత్తగారు. “వాషరు అరిగిందట.”

“సరేనండీ. మీరెలా ఉన్నారు?”

“బాగానే ఉన్నా.”

ఫోను పెట్టేయబోయిన చేయి ఆగిపోయింది.

ఇంట్లో ఆ మాట వందసార్లు విన్నది. కానీ అక్కడ మొహం కనపడేది, నవ్వు కనపడేది, కుక్కరు కూసేది. ఇక్కడ చెవి ఒక్కటే ఉంది. రోజంతా పరాయి గొంతులు వినే చెవి. ఆ ‘బాగానే’కు ముందు చిన్న ఊపిరి ఒకటి వినపడింది.

కుట్లక్క కుర్చీలో నిటారుగా కూర్చుంది. ఫోను రెండో చెవికి మార్చుకుంది.

“ఈ పొద్దున ఏం చేశారు అత్తయ్యా?”

అవతల నిశ్శబ్దం. ఆమె కూడా ఆగింది. చాలాసేపు ఆగింది. గోడ అవతల ఎవరి పిండికట్టో కోస్తున్న రంపం చప్పుడు మొదలై, ఆగిపోయింది.

“నా పాఠం నాకే అప్పజెబుతున్నావా అమ్మాయ్?”

“చెప్పండి అత్తయ్యా.”

“బట్టలు ఉతుక్కున్నా.”

“ఉతకడానికి నేనున్నాను, మీ అబ్బాయి ఉన్నాడు. మీరెందుకు ఉతుక్కున్నారు?”

మళ్లీ ఖాళీ. ఈసారి టెలిఫోనమ్మే ఓడిపోయింది.

“మరకైందే. చిన్నదే. నిన్నా అయింది. మొన్న కూడా... కాస్త.”

కుట్లక్క అంతకన్నా ఏమీ అడగలేదు. అక్కడే కూర్చోండి, కాలు చాపుకోండి, ఏమీ పూయకండి అని చెప్పి పెద్ద డాక్టరుకు విషయం చెప్పింది, భర్తకు ఫోను చేసింది. అతను ఏదో బ్యాంకు లిఫ్టు సగం విప్పి ఉన్నాడు. తోటివాడికి అప్పగించి పరుగెత్తుకొచ్చాడు. ఇద్దరూ ఒకేసారి మెట్లెక్కారు.

టెలిఫోనమ్మ కుర్చీలో, తప్పు చేసి దొరికిన బడిపిల్లలా కూర్చుని ఉంది. ముదురు రంగు బట్టలు కట్టుకుంది. మూడు రోజులుగా అవే రంగులు కడుతోందని కుట్లక్కకు ఇప్పుడు తట్టింది. చేతులు కడుక్కుని వచ్చి మోకాలు చూసింది. కుట్ల గీత కింది చివర అరచేతంత మేర ఎర్రగా ఉంది. వేలి వెనక వైపు ఆనిస్తే వేడి తెలిసింది. అంచు దగ్గర ఒక చుక్క నిలబడి ఉంది.

“ఎందుకండీ దాచారు?” గొంతు కాస్త లేచింది. “మీరే కదండీ నాకు నేర్పింది! మళ్లీ కోస్తారని భయమా?”

“నాకు భయమేంటే?” అంది అత్తగారు, పౌరుషంగా. తరువాత కిటికీ వైపు తిరిగింది. “ఆ బోర్డు మీద సున్నా ఉంది కదా. ఎన్ని నెలల నుంచి నిలబెట్టుకొస్తున్నావో. చివరికి నా మూలంగా పోవాలా? గాయాలు చూసే మనిషి ఇంట్లోనే గాయం పాడైందంటే నలుగురూ ఏమనుకుంటారు? రెండ్రోజుల్లో అదే ఆరిపోతుందిలే అనుకున్నా.”

 తిడదామని కుట్లక్క తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. ప్రతి సాయంత్రం ఆ సున్నాను తెచ్చి ఈ ఇంట్లో ఊరేగించింది తనే. బస్సు డ్రైవరు భయపడి దాచాడు, ఈవిడ ప్రేమకొద్దీ దాచింది. దాచడం మాత్రం ఒకటే.

“మీ కాలు కన్నా నాకు ఆ సున్నా ఎక్కువనుకున్నారా?” అంది చివరికి. అంటూ ఉండగానే కళ్లలో నీళ్లు తిరిగాయి. “పిచ్చి అత్తయ్యా!”

“అత్తని పట్టుకుని పిచ్చి అంటావా?” అంది టెలిఫోనమ్మ. ఆవిడ కళ్లూ తడిగానే ఉన్నాయి.

“తరువాత తిట్టుకోండి, ముందు పదండి” అన్నాడు కొడుకు. వంగి తల్లిని వీపు మీదికి ఎక్కించుకున్నాడు. కుట్లక్క వెనక నుంచి కాలు ఆనించి పట్టుకుంది. రెండో అంతస్తు మలుపులో అతను ఊపిరి తీసుకోవడానికి ఆగాడు.

“ఏరా, కరెంటు పోయిందా?” అంది వీపు మీంచి టెలిఫోనమ్మ. అతను నవ్వితే పట్టు జారేలా ఉందని కుట్లక్క ఇద్దరినీ కసిరింది.

పెద్ద డాక్టరు మోకాలు నొక్కి చూశాడు. సూదితో కీలులోంచి కాస్త ద్రవం తీసి పరీక్షకు పంపాడు. కట్టు మధ్యలో ఎప్పుడైనా తీశారా అని అడిగాడు.

“ఇంటికొచ్చిన కొత్తలో ఒక్కసారి కాస్త ఎత్తి చూసుకున్నా” అంది టెలిఫోనమ్మ. “నా కాలు నేను చూసుకోకపోతే ఎలాగండీ?”

“దానివల్ల కావచ్చు, కాకనూ పోవచ్చు. ఇంకెప్పుడూ ఎత్తకండి” అన్నాడాయన. తిట్టలేదు. ఆ మధ్యాహ్నమే థియేటరులోకి తీసుకెళ్లారు.

కుట్లక్క బయట బెంచీ మీద కూర్చుంది. ఎన్నో కుటుంబాలను ఆ బెంచీ మీద కూర్చోబెట్టి ధైర్యం చెప్పింది. తను కూర్చోవడం ఇదే మొదలు. చెక్క ఎంత గట్టిగా ఉంటుందో అప్పుడు తెలిసింది. భర్త పక్కన కూర్చుని ఆమె చేతిలోంచి సంచీ తీసుకుని ఒళ్లో పెట్టుకున్నాడు.  పెద్దసిస్టరు వచ్చి రెండు గ్లాసుల టీ ఇచ్చి, తనూ కూర్చుంది.

“నన్ను భలే బోల్తా కొట్టించింది మీ అత్తగారు” అంది కళ్లద్దాలు తుడుచుకుంటూ.

“నన్నూను” అంది కుట్లక్క.

పెద్ద డాక్టరు బయటికి వచ్చేసరికి టీ చల్లారిపోయింది. మాస్కు దించాడు.

“పై పొర దాకానే ఉంది సిస్టర్. కీలు మీద పొర గట్టిగా మూసుకునే ఉంది, లోపలి ద్రవం తేటగా ఉంది. కడిగేశాం. కొన్ని వారాలు మందులు వాడాలి.” రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు. “గుమ్మంలోనే దొరికాడు మీ దొంగ.” ఆయన మొహం మీద కనిపించింది నవ్వేనని తరువాత పెద్దసిస్టరు ప్రమాణం చేసి చెప్పింది.

టెలిఫోనమ్మ వార్డులో కొన్నాళ్లు ఉండాల్సి వచ్చింది. రెండో రోజుకే వార్డు ఆవిడ చేతిలోకి వచ్చేసింది. ఎవరికి నొప్పి ఎక్కువగా ఉంది, ఎవరికి నిద్ర పట్టలేదు, ఎవరి కోడలు ఇంకా రాలేదు, అన్నీ నర్సుల కన్నా ముందు ఆవిడకే తెలిసేవి.

ఆ వారంలో బోర్డు మీద అంకె మార్చాల్సి వచ్చింది. పెద్దసిస్టరు గుడ్డ పట్టుకుని తటపటాయించింది.

“చిన్నదే కదే. పై పైనే కదా. ఇంత చిన్నవాటిని కూడా...”

“చిన్నవి రాస్తేనే అక్కా పెద్దవి రాకుండా ఉంటాయి” అంది కుట్లక్క. గుడ్డ తీసుకుని సున్నా తుడిచింది. చేయి ఒక్క క్షణం ఆగిన మాట నిజం. తరువాత ఒకటి వేసింది.

చక్రాల కుర్చీలో కూర్చుని టెలిఫోనమ్మ అదంతా చూస్తోంది.

“వంకరగా ఉంది” అంది. “నిటారుగా వెయ్యి. నేను అలా వంగి ఉంటానా?”

వార్డంతా నవ్వింది. కుట్లక్క తుడిచి మళ్లీ వేసింది. పక్క మంచం ఆవిడ ఆ ఒకటి ఎవరని అడిగితే టెలిఫోనమ్మ “నేనే!” అంది, ఏదో ఎన్నికలో గెలిచినట్టు. అంతటితో ఊరుకోలేదు. తనెలా దాచిందో, ఎలా దొరికిపోయిందో పూసగుచ్చినట్టు చెప్పింది. విని తుంటి ఆపరేషన్ అయిన ఒకాయన మెల్లగా చేయెత్తి, “సిస్టర్, నాకూ పొద్దుటి నుంచి కట్టు కాస్త తడిగా అనిపిస్తోంది” అన్నాడు. చూస్తే ఏమీ లేదు, మంచినీళ్లు ఒలకబోసుకున్నాడు. అయినా కుట్లక్క ఆయనకు రెండుసార్లు థాంక్స్ చెప్పింది.

ఆ రోజు ఆమెకు ఒక ఆలోచన వచ్చింది. పెద్ద డాక్టరుతో చెబితే సరేనన్నాడు. బోర్డు మీద ఆ అంకె కింద ఇంకో గడి గీయించింది. ‘అనుమానం వచ్చి మాకు చెప్పినవాళ్లు’ అని రాయించింది. ఆ అంకె ఎంత పెరిగితే అంత మంచిదని, గాయం తడిసిందని చెప్పడం ఎవరి మీదా నేరం మోపడం కాదని, ఆపరేషన్‌కు ముందే అందరినీ కూర్చోబెట్టి చెప్పడం మొదలుపెట్టింది. ఫోన్లు పెరిగాయి. కట్టు మీద చారు ఒలికినవాళ్లు, దోమ కుట్టినవాళ్లు, మోకాలు కిర్రుమంటోందని భయపడినవాళ్లు. మధ్యలో ఎప్పుడైనా ఒక అసలైనది. కుట్లక్క అందరితోనూ ఒకేలా మాట్లాడేది. విసుక్కున్నది ఎవరూ వినలేదు. విసుగు రాలేదని కాదు. ఫోను పెట్టేశాక కిటికీ వైపు తిరిగి ఒక్క నిట్టూర్పు విడిచి, తరువాతి నంబరు తిప్పేది.

భోజనాల దగ్గర మాటలు మానారా అంటే, మానలేదు. కానీ సున్నాల గొప్ప తగ్గింది. ఇప్పుడు కుట్లక్క తను వినలేకపోయినవి కూడా చెప్పేది. ఫలానా ఆవిడ గొంతు అర్థం కాలేదండీ, రేపు మళ్లీ చేస్తాను అనేది. అత్తగారు సలహా ఇచ్చేది. భర్త యథాప్రకారం “అన్నం తినేటప్పుడు...” అని మొదలుపెట్టేవాడు.

గాయం పూర్తిగా మానాక, మందులు ఆపాక, డాక్టరు ఇక భయం లేదన్నాక, వ్యాయామం చేయించే అతను టెలిఫోనమ్మకు ఒక చిత్రమైన సలహా ఇచ్చాడు. నీళ్లలో నడిస్తే కాలికి మంచిదట. మునిసిపాలిటీ ఈతకొలనులో లోతు తక్కువ ఉన్న వైపు పెద్దవాళ్లకు ఆదివారం పొద్దున కేటాయించారట. ఆవిడకు ఈత రాదు. జీవితంలో బకెట్టు కన్నా లోతైన నీళ్లలో కాలు పెట్టలేదు.

“వెళ్దాం” అంది వెంటనే.

ఆదివారం ముగ్గురూ మెట్లు దిగారు. ఆవిడ రెయిలింగు పట్టుకుని తనంతట తానే దిగింది. మలుపుల దగ్గర ఆగి ప్రతి అంతస్తు వాళ్లనూ తలుపు కొట్టి పలకరించడం వల్ల ఆలస్యమైంది కానీ, కాలి వల్ల కాదు. భర్త గట్టు మీద తువ్వాళ్లు పట్టుకుని కూర్చున్నాడు. కొలను మీద పొద్దుటి ఎండ పలకలు పలకలుగా కదులుతోంది. క్లోరిన్ వాసన. నలుగురైదుగురు పెద్దవాళ్లు నడుం లోతు నీళ్లలో, బజారులో నడిచినట్టు తీరిగ్గా కబుర్లాడుకుంటూ నడుస్తున్నారు.

టెలిఫోనమ్మ మోకాలి మీద గీతను ఒకసారి తడుముకుంది. పొడిగా, నున్నగా, పాత దారంలా పాలిపోయి ఉంది. ఇనుప నిచ్చెన పట్టుకుని దిగింది. నీళ్లు నడుందాకా రాగానే “అబ్బ!” అంది. తరువాత ఒక అడుగు, ఇంకో అడుగు.

“అమ్మాయ్, బరువే లేదే! కాలు బరువే లేదు! దిగు, నువ్వూ దిగు.”

కుట్లక్క గట్టు మీదే నిలబడింది. ఆమెకు నీళ్లంటే చిన్నప్పటి నుంచి భయం. ఆ సంగతి ఈ ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

“నేనెందుకండీ, మీరు నడవండి, నేను ఇక్కడి నుంచి చూస్తాను.”

అత్తగారు ఆగి, తల తిప్పి కోడలి మొహం చూసింది. ఏమీ అడగలేదు. నీళ్లలోనే నడుచుకుంటూ నిచ్చెన దాకా వెనక్కి వచ్చి తడిచేయి పైకి చాచింది.

“పట్టుకో. నేనున్నాను.”

కుట్లక్క ఒక్కో మెట్టూ దిగింది. చల్లదనం పిక్కల దాకా, మోకాళ్ల దాకా, నడుం దాకా వచ్చింది. కాళ్లు నేలకు ఆనాయి. నడుం నొప్పి, పదిహేనేళ్ల వార్డు నొప్పి, ఎక్కడికో పోయింది. గట్టు మీంచి భర్త ఏదో అన్నాడు, నీళ్ల చప్పుడులో వినపడలేదు.

అత్తాకోడళ్లు చేయీ చేయీ పట్టుకుని ఆ చివరికి నడవడం మొదలుపెట్టారు.